విమానం ఎక్కేముందు మామ్మ ఉత్తరం చదవడం రావాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివరింటి తెలుగు అమ్మాయి ఈ ఏడాదే పదో తరగతి పూర్తి చేసింది. ఆగస్టులో ఎక్స్ఛేంజి విద్యార్థినిగా ఏడాదిపాటు అమెరికాకు వెళ్తోంది. తనను ఇంట్లో ఉంచుకోబోయే అక్కడి కుటుంబానికి ఆమె రాసిన పరిచయ లేఖను వాళ్ల నాన్నగారు నాకు చూపించారు. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. కోణార్క్ ఉంది, ఒడిస్సీ ఉంది, తెలుగువాళ్లమని తెలియడానికి చార్మినార్ కూడా ఉంది. మహేంద్రతనయ నది లేదు, గజపతుల కోట లేదు, ఆ లేఖ రాస్తున్నప్పుడు పక్క గదిలోనే ఉన్న మామ్మ అసలే లేదు.

కాగితాల సంగతి నేను ఎక్కువగా చెప్పనక్కరలేదు. ఎక్స్ఛేంజి విద్యార్థులకు కావలసిన డీఎస్-2019 అర్హత పత్రం, వారి వివరాల నమోదుకు కట్టే సెవిస్ రుసుము, జే-1 వీసా ఇంటర్వ్యూ గురించి పంపే సంస్థే చెబుతుంది. ఒడిశా కూడా హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ పరిధిలోనిదే కాబట్టి ఆ ప్రయాణమూ మనకు కొత్త కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు పాస్‌పోర్టు గడులలో ఇమడదు. బడి పత్రంలోనూ ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఆరు నెలల ముందే సరిచూసుకోవాలి.

అసలు సన్నాహం వేరే ఉంది, దాన్నే మనం వదిలేస్తున్నాం. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సులు నడిపిన స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏఎఫ్ఎస్ 1947లో బడిపిల్లల మార్పిడి చేపట్టిందన్నా, అమెరికా ప్రభుత్వం 2002లో ఇతర దేశాల బడిపిల్లలను రప్పించే యెస్ కార్యక్రమాన్ని నెలకొల్పిందన్నా, ఆశించింది పిల్లలు విదేశం చూసి రావడం ఒక్కటే కాదు, తమ ఇంటినీ ఊరినీ అక్కడివారికి పరిచయం చేయడం కూడా. నవంబరులో జరిగే అంతర్జాతీయ విద్యా వారోత్సవంలో ఈ పిల్లలు తరగతి ముందు నిలబడి తమ గురించి చెప్పాలి. అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, నా పేరు ఆ లిపిలో రాసి చూపిస్తావా? మా వీధి అమ్మాయి ఒడియాలో రాయగలదు, అది ఎంతో మంచిది, ఒడియా కూడా మన పిల్లల సొంత భాషే. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయడం రాదు.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు భోజనం వేళ మామ్మగారు ఆమెను చింతకాయ పచ్చడి తెమ్మన్నారు. అల్మారాలో సీసాలన్నిటి మీదా మామ్మగారి చేతిరాతతో చీటీలు అంటించి ఉన్నాయి. ఆ అమ్మాయి ఒక్కో మూత తీసి, వాసన చూసి, మూడో సీసా పట్టుకొచ్చింది.

మామ్మగారికి తెలుగు చదవనూ రాయనూ వచ్చు, ఇంగ్లిష్ అక్షరాలు రావు. మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. ఒక కప్పు కింద ఉన్నంతకాలం మాటతో గడిచిపోతుంది కాబట్టి ఈ లోటు కనపడదు. మొదటి వారాల్లో ఇంటికి ఫోన్లు తగ్గించుకోమని, లేకపోతే కొత్త ఇంట్లో మనసు నిలవదని పంపే సంస్థలే చెబుతాయి. బెంగ పట్టుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో మామ్మ రాసిన ఉత్తరం చేతికి వస్తే దాన్ని ఎవరి చేత చదివించుకోవాలి?

తెలుగు అక్షరాలు అమెరికాలో ఏం పనికొస్తాయని, ఆ సమయం ఇంగ్లిష్‌కు పెడితే మేలని తల్లిదండ్రులు అంటారు. తగినంత ఇంగ్లిష్ లేని విద్యార్థిని తీసుకోరాదన్నది అక్కడి నిబంధనే, కాదనను. కానీ ఎంపికైన పిల్లలు ఆ గడప దాటినవారే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరిగిన మన పిల్లలకు ఇంకో భాషలో సర్దుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. నేర్పవలసింది మిగిలిన తెలుగు అక్షరాలే.

ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకోవడానికి తెలుగూ సవరా వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ శ్రమలోంచి 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వెలువడింది. పరాయి భాషకు ఇంట్లో చోటివ్వడంలో మన ఊరికి అంత పెద్ద వరవడి ఉంది. తన భాష మీద అంత పట్టు ఉన్నవాడు కాబట్టే ఆయన ఇంకొకరి భాషను అంత గౌరవంగా అందుకోగలిగారని నా నమ్మకం. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లేనాటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఇక్కడి తెలుగు పిల్లల చదువు కొత్త ప్రభుత్వం చేతికి వెళ్లింది.

తప్పు పిల్లలది కాదనేది అందుకే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. నేను అయిదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న బడిలో ఈనాడు అ ఆలు దిద్దించేవారు లేరు. మా పంతులుగారు పదవీ విరమణ చేశాక ఆ కుర్చీలో మరొకరు కూర్చోలేదు. ఆ ఖాళీ నింపమని మనం అడగాలి, రాతపూర్వకంగా అడగాలి, జవాబు వచ్చేదాకా అడగాలి. ఈలోగా ఆగస్టు ఆగదు. ఎంపికైన పిల్లలున్న ప్రతి ఇంట్లో, సూట్‌కేసు కొనకముందే, రోజుకో గంట మామ్మ పక్కన పలక పట్టుకుని కూర్చోబెట్టండి. మాట వచ్చిన పిల్లలకు గుణింతాలూ ఒత్తులూ పట్టుబడటానికి రెండు నెలలు చాలు.