నీళ్లకు రేటు కట్టే కాంటా గారికి

మహారాజశ్రీ డంపింగ్ యార్డు వేబ్రిడ్జి కాంటా గారికి,

నల్లగొండ జిల్లా నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. చెత్త మాకంటే క్షేమం, రోజురోజుకూ బరువెక్కుతోంది.

మీకు ఎవరూ శాలువా కప్పరు. అది పెద్దసారుకు పోతుంది. చెత్త కంపెనీ సీఈఓ గారు హైదరాబాద్‌లో ఏసీ హాల్లో మైకు పట్టుకుని "ఇన్ని లక్షల టన్నులు శాస్త్రీయంగా ప్రాసెస్ చేశాం" అంటారు కదా, ఆ టన్నులన్నీ పుట్టింది మీ ప్లాట్‌ఫారం మీదే. సైటు ఇంజినీరుగా చేరి, ప్రాజెక్టు మేనేజరై, నాలుగు జిల్లాల క్లస్టర్ హెడ్డై, ఆ కుర్చీ దాకా ఆయన ఎక్కింది మీ ర్యాంపే. ఆయన జీవితచరిత్ర రాయదలచుకున్నవాళ్లు ముందు మీ స్లిప్పుల కట్ట విప్పాలి.

మీ పని సులువు. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలింది చెత్త. దాన్ని టిప్పింగ్ ఫీజుతో, అంటే చెత్తకు టన్నుకింత అని మున్సిపాలిటీ కంపెనీకిచ్చే రేటుతో గుణిస్తే బిల్లు. పొడి చెత్త ఎంత వేరైంది, ఎరువు ఎంత అమ్ముడుపోయింది, ఎంత మళ్లీ గుంటలోకే పోయింది అని మీరు అడగరు. టెండరులో అడగమని రాయలేదు కాబట్టి అది మీ తప్పు కాదు.

అయితే మీ జాతివాళ్లే మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్ల కొనుగోలు కేంద్రాల్లో ఉన్నారు. వాళ్ల తీరు వేరు. అక్కడ రైతు ట్రాక్టరు ఆగగానే మొదట వచ్చేది తేమ మిషను. 17 శాతం దాటిందా, "ఆరబొయ్యి" అంటారు. రైతు రోడ్డు మీద పోసి, కాళ్లతో నెరిపి, మబ్బు పట్టినప్పుడల్లా పట్టా కప్పి, నాలుగు దినాలు కాపలా కాస్తే అప్పుడు కాంటా. దాని మీద మళ్లీ తరుగు. మీ దగ్గరికి వచ్చే కలగలుపు చెత్తలో సగానికి పైగా నీళ్లే ఉన్నా ఒక్కరూ ఆరబొయ్యమనరు. తిండిగింజలో నీళ్లుంటే కోత, కుళ్లిన వంకాయలో నీళ్లుంటే చెల్లింపు!

లెక్క చూడండి. 60 శాతం తేమ ఉన్న 10 టన్నుల చెత్తలో అసలు సరుకు 4 టన్నులు. అదే చెత్తను కాస్త వడగట్టి తేమను 40 శాతానికి తెస్తే బరువు 6.67 టన్నులకు దిగుతుంది. అంటే నీళ్లు కార్చేసిన పాపానికి కంపెనీకి 3.33 టన్నుల బిల్లు పోతుంది. అందుకే ఫంక్షన్ హాలు సాంబారు, బత్తాయి తొక్కలు, కొబ్బరి బోండాలు వెనకా ముందూ చూడకుండా ఒకే బండిలో ఎక్కుతాయి. ఇక వానాకాలం దేవుడిచ్చిన బోనసు. పట్టా కప్పని బండి బాడీ 8 చదరపు మీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల వానకు పడేది 80 లీటర్లు. చెత్త పీల్చుకున్నంత మేరకు అది కిలోల్లోకి మారిపోతుంది. పట్టా కొనాలన్న ఇండెంటు ఏ టేబుల్ మీద ఆగిందో ఎవరూ వెతకరు.

మీ ఆరోగ్యం గురించి కూడా రెండు ముక్కలు. ప్లాట్‌ఫారం కింద బురద, రాళ్లు ఇరుక్కుంటే కొంత బరువు వాటి మీద ఆనుతుంది, మీరు తక్కువ చూపిస్తారు. వైర్లు కలిసే జంక్షన్ బాక్సులోకి నీళ్లు దిగితే సున్నా దగ్గర అంకె నిలవదు. కేబుళ్లు ఎలుకలు కొరుకుతాయి. ఒకే బరువును నాలుగు మూలల్లో పెట్టి చూస్తే కింద బరువు పట్టి చెప్పే ఏ లోడ్ సెల్ జబ్బుపడిందో తెలిసిపోతుంది. తక్కువ చూపించిన రోజున గంటలో మెకానిక్ వస్తాడు. ఎక్కువ చూపించిన రోజున మాత్రం, తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏడాదికోసారి ముద్ర వేయడానికి వచ్చేదాకా మీరు పరిపూర్ణ ఆరోగ్యవంతులు.

ఖాళీ బరువు సంగతి ఇంకా ముచ్చటైనది. ప్రతి ట్రిప్పుకూ ఖాళీ బండిని మళ్లీ ఎక్కించాలంటే క్యూ, డీజిలు, ఆలస్యం. కాబట్టి ఒకసారి తూచి కంప్యూటర్లో పెట్టేస్తారు. ఆ తర్వాత తుప్పుపట్టిన అడుగుకు రేకు వెల్డింగ్ చేసినా, మూలల్లో బురద గడ్డకట్టి నెలల తరబడి దిగకపోయినా ఆ బరువంతా చెత్త ఖాతాలోకే. అలా 150 కిలోలు పెరిగిన బండి రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగితే 600 కిలోలు. ఆ చెత్తను ఏ ఇల్లూ పారేయలేదు.

ఇదంతా పెద్దసారు చేయిస్తారని మేమనం. ఆయనకు ఆ అవసరం రాదు. టెండరు కాగితమే చేయిస్తుంది. చిన్న పట్టణంలో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాములు వస్తుందన్నది పాత లెక్క. 2 లక్షల జనాభాకు 300 గ్రాముల చొప్పున 60 టన్నులు. అంచనా వేసినవాళ్లు 400 అని రాస్తే 80 టన్నులు. ప్లాంటు 80 టన్నులకు కడతారు, అప్పు 80 టన్నులకు తెస్తారు, రేటు మాత్రం పోటీలో అందరికంటే తక్కువ కోట్ చేస్తారు. లేని 20 టన్నులు ఎక్కడి నుంచైనా రావాలి కదా! పైగా మున్సిపాలిటీ బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. డీజిలు, జీతాలు, బ్యాంకు కిస్తీ ఆగవు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా, మీ అంకె చూడందే నిద్రపట్టదు. ఈ మాట ఆయన తరఫున కూడా చెప్పాలి.

తడి పొడి వేరుచేసిన ఆడవాళ్ల మీద మాత్రం జాలేస్తుంది. వాళ్లు ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పెడతారు. ఆటో దాకా అడ్డుపలక ఉంటుంది. కాంపాక్టర్ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే నోట్లో పడతాయి. ప్రెస్సు ఒక్కసారి నొక్కిందంటే పప్పుచారు అట్టపెట్టెల్లోకి ఇంకుతుంది, ఇక ఆ అట్టకు పాత సామాన్ల కొట్టులో ధర లేదు. వేర్వేరుగా తేవాలంటే రెండు ట్రిప్పులు, రెండింతల డీజిలు. మీరు మాత్రం రెండింటికీ ఒకే రేటు ఇస్తారు.

ప్లాంటు లోపలి సంగతి మీకు కనపడదు కాబట్టి చెబుతున్నాం. చెత్తను మీటరున్నర నుంచి రెండు మీటర్ల ఎత్తు వరుసలుగా పోసి, వారానికోసారి తిరగేయాలి. లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలు ఉండాలి. తేమ మరీ ఎక్కువైతే గాలి ఆడక వేడెక్కదు, కంపు కొడుతుంది. నెల దాటాక జల్లెడ పడితే, తడిసిన ముద్ద ట్రామెల్ అనే తిరుగుడు జల్లెడ రంధ్రాలను మూసేస్తుంది, చీర పేలికలు షాఫ్టుకు చుట్టుకుంటాయి. చివరి 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటి వచ్చే ఎరువు కలగలుపు చెత్తలో ఆరో వంతు ఉంటే గొప్ప. అందులో గాజుపెంకు మెరిస్తే దేవరకొండ రైతు రెండోసారి రాడు. నివేదికలో మాత్రం "నూరు శాతం ప్రాసెసింగ్".

మిగిలిన ప్లాస్టిక్కు, గుడ్డపేలికలు కాల్చే ఇంధనంగా వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పంపొచ్చు. అలాంటి ఇంధనం తయారయ్యే ప్లాంటుకు వంద కిలోమీటర్లలోపు పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీన్ని వాడాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. కానీ సిమెంటు గేటు దగ్గర మీ అన్నగారొకరు ఉంటారు, పక్కనే ల్యాబు. తేమ 15, 20 శాతం దాటితే మొహమాటం లేకుండా బండి వెనక్కి. పీవీసీ ఎక్కువై క్లోరిన్ ఒక శాతం దాటినా అంతే, ఎందుకంటే అది సిమెంటు బట్టీలో, దానికి పైనుండే సైక్లోన్లనే గరాటు గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. యార్డులోకి వచ్చేటప్పుడు రూపాయలు తెచ్చిన నీళ్లే బయటికి పోయేటప్పుడు బండిని తిప్పిపంపుతాయి. ఈ రెండు కాంటాల నడుమ నిలబడి చిరునవ్వు చెదరకుండా ఫొటో దిగడమే పెద్దసారు ఉద్యోగం.

అంకెల విద్య మన దగ్గరే ఉందనుకోకండి. అమెరికాలో వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీ 1998లో తన పాత లాభాలను 170 కోట్ల డాలర్ల మేర సవరించుకుంది. 2002లో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆ కంపెనీ వ్యవస్థాపకుడు డీన్ బంట్రాక్ మీద, మరికొందరు అధికారుల మీద కేసు వేసింది. చెత్త లారీల ఆయుష్షును కాగితం మీద పొడిగించి, ముసలివైనా మంచి ధర పలుకుతాయని రాసి ఖర్చు తగ్గించి చూపారన్నది అందులో ఒక ఆరోపణ. బంట్రాక్, మరికొందరు ఔననకుండా, కాదనకుండా డబ్బు కట్టి రాజీపడ్డారు. లారీలు మాత్రం కాగితం చదవకుండానే తుప్పుపట్టి ఉంటాయి.

మా విన్నపాలు పెద్దవి కావు. ప్రతి ట్రిప్పుకూ నిండు, ఖాళీ రెండు తూకాలూ వేయండి. బండికి పట్టా ఉంటేనే ర్యాంపు ఎక్కనివ్వండి. రోజుకు కొన్ని బండ్ల నుంచి నమూనా తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని 105 డిగ్రీల దగ్గర బరువు నిలిచేదాకా ఆరబెడితే తేమ తేలిపోతుంది. వడ్లకు వేసినట్టే దీనికీ తరుగు వేయండి. ఫీజులో సగం లోపలికి వచ్చిన బరువుకు కాక, బయటికి అమ్ముడుపోయిన ఎరువుకు, పొడి సరుకుకు ఇవ్వమని మున్సిపల్ ఆఫీసుకు మీరే ఒక స్లిప్పు ప్రింటు కొట్టి పంపండి.

ఈ షరతులు వచ్చే టెండరులో పెడితే బిడ్లు వేయకముందు జరిగే ప్రీబిడ్ మీటింగులో కంపెనీల తరఫున లేచే మొదటి చెయ్యి ఏమడుగుతుందో కూడా రాస్తున్నాం, జవాబు సిద్ధం చేసుకోండి: "సార్, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మినహాయింపు ఉంటుందా?"

ఇట్లు,
17 శాతం దాటి వెనక్కి తిరిగిన వడ్ల బస్తాల తరఫున