ఆర్కెస్ట్రా పోయింది డీజే వల్ల కాదు
విజయవాడ బార్లలో లైవ్ ఆర్కెస్ట్రా, పెళ్లి బ్యాండు మేళాలు రెండూ డీజే బాక్సులు వచ్చాకే పోయాయని మీరు రాశారు. నాకు తెలిసి బార్ ఆర్కెస్ట్రాకి దెబ్బ అంతకు చాలా ముందే పడింది. మా బాబాయ్ గాంధీనగర్‌లో ఒక చిన్న బార్‌లో రోజూ సాయంత్రం బాంగోలు వాయించేవాడు. స్టేజీ అంటే మూలన పక్కపక్కన వేసిన రెండు చెక్కబల్లలు, అంతే. పాట కావాలంటే బిల్లు కాగితం వెనక రాసి, పది నోటు చుట్టి సర్వర్‌తో పంపేవారు. గ్లాసు మరకలు పడ్డ ఆ చీటీలు బాబాయ్ చొక్కా జేబులోనే ఇంటికొచ్చేవి, బట్టలుతికేటప్పుడు పిన్ని తిట్లు అందుకునేవి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. బార్ మూతపడి, అదే హాలు టిఫిన్ హోటలయింది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు పెళ్లిళ్లకీ, వినాయకచవితి పందిళ్లకీ సర్దుకున్నారు. 1997లో నిషేధం సడలించాక బార్ మళ్లీ తెరిచారు కానీ, ఓనర్ ఆ మూలన రెండు టేబుళ్లు ఎక్కువ వేసి గోడకి టీవీ పెట్టించాడు. ఐదుగురికి రోజూ డబ్బులివ్వడం కన్నా అది చవక కదా! ఇక డీజే వచ్చేనాటికి అక్కడ ఆర్కెస్ట్రా ఎక్కడుంది పోవడానికి? పెళ్లి బ్యాండు మేళాల సంగతైతే మాత్రం మీ మాటే నిజం, వాళ్లని డీజేలే మింగేశాయి. బాబాయ్ బాంగోలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. ఒకదాని తోలు ఎలుకలు కొట్టేశాయి.