పవర్ ఎక్కువైతే పిట్ట బాగా కనబడుతుందా? ఆ బైనాక్యులర్ మెసేజ్‌కి నా జవాబు

గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "బైనాక్యులర్ కొంటున్నారా? మోసపోకండి" అని మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదట. 20×50 రెండు వేలకే వస్తుంటే 8×42కి పది వేలు పోయడం దండగట. ముందు అద్దాలు ఎర్రగా మెరిస్తే ఖరీదైన కోటింగ్ ఉన్నట్టట. అమెరికా వేటగాళ్లు వాడేదే అసలు సరుకట. జూమ్ ఉంటే ఇంకా మేలు, రాత్రిళ్లు కూడా కనబడుతుందట. తిన్నటి గొట్టాలున్న మోడలే కొనాలట, భుజాలున్నట్టు ఉండేవి పాతకాలపువట. వాటర్‌ప్రూఫ్ మన ఎండలకి అక్కర్లేదట.

చదివి వదిలేసేవాణ్ణే. కానీ మా బావగారు ఇది నమ్మి, పదో తరగతి చదివే మా మేనకోడలి పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో ఒక 20×50 తెప్పించారు. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురం గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్లాం. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉన్నాయి. పిల్ల బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుంది, తీసింది, చున్నీతో అద్దాలు తుడిచింది, మళ్లీ పెట్టుకుంది. ఓ పది నిమిషాలు అలా అవస్థ పడి నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "మామయ్యా, నా సైట్ మళ్లీ పెరిగిందేమో. నాకేదీ కుదురుగా కనబడట్లేదు."

ఆ మాటకి నాకు మనసు చివుక్కుమంది. తీసుకుని నేను చూశాను. బొమ్మ వణుకుతోంది, రెండు కళ్లకీ రెండు బొమ్మలు కలవట్లేదు, కొంగ రెక్క మీద ఉండాల్సిన గులాబి రంగు బూడిదలా ఉంది. పిల్ల కళ్లకి ఏ లోపమూ లేదు. ఆ మెసేజ్‌లోనే ఉంది లోపం. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. 8×42లో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని. వంద మీటర్ల దూరంలో ఉన్న కొంగ 8 పవర్‌లో పన్నెండున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. 20లో అయిదు మీటర్లలో ఉన్నట్టు. వినడానికి బాగానే ఉంది. అయితే బైనాక్యులర్ పిట్టను ఒక్కదాన్నే పెంచదు, మన చేతి వణుకుని కూడా అన్ని రెట్లూ పెంచుతుంది. ఎంత గట్టి చేతులైనా ఊపిరికీ గుండె కొట్టుకోవడానికీ కాస్త కదులుతాయి. 8 పవర్‌లో ఆ కదలిక మనకి పట్టదు. 10 దగ్గర కొందరికి తెలుస్తుంది. 20 దగ్గర ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండ్) లేకుండా పిట్ట ఒళ్లు ఒక్క క్షణం కూడా నిలవదు.

రెండోది, కనబడే జాగా. మంచి 8×42లో వంద మీటర్ల దూరాన పదమూడు మీటర్ల వెడల్పు కనబడుతుంది. 20×50లో అయిదారు మీటర్లే. చెట్టు మీద కదలకుండా కూర్చున్న గూడబాతు అయితే వెతుక్కోవచ్చు. కరెంటు తీగ మీద నుంచి లేచి పురుగుని పట్టుకుని తిరిగొచ్చే పసిరిక పిట్టని ఆ చిన్న వలయంలో పట్టడం ఎవరి తరమూ కాదు. కొత్తవాళ్లు అక్కడే విసిగిపోయి మానేస్తారు.

మూడోది వెలుతురు. ముందు అద్దం వెడల్పుని పవర్‌తో భాగిస్తే, కంట్లోకి వచ్చే వెలుతురు వలయం ఎంత వెడల్పో తెలుస్తుంది. 8×42కి అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు, 10×42కి నాలుగు పైన, 20×50కి రెండున్నర. మధ్యాహ్నం ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి తేడా పెద్దగా తెలీదు. కానీ మనం పిట్టల కోసం వెళ్లేది తెల్లవారుజామున, లేదంటే పొద్దువాలే వేళ. అప్పుడు కంటిపాప బాగా విచ్చుకుంటుంది. వెలుతురు కావాల్సిన ఆ సమయంలోనే 20×50 చీకటి చూపిస్తుంది.

మన ఊరి సంగతి ఇంకొకటుంది. గుంటూరు ఎండ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. మార్చి దాటాక పొద్దున పది గంటలకే పొలాల మీద గాలి సెగలాగా ఆడుతూ ఉంటుంది. ఆ సెగ ఆటని కూడా పవర్ పెంచుతుంది. కృష్ణ ఇసుక మేటల మీద పదకొండు గంటలకి 20 పవర్ పెట్టి చూస్తే పిట్ట నీళ్లలో ముంచిన బొమ్మలా అలలు అలలుగా కనబడుతుంది. ఎంత ఖరీదైన అద్దమైనా దాన్ని సరిచేయలేదు.

10×42 వద్దని మాత్రం నేను అనను. కొల్లేటి ఆటపాక దగ్గరలా నీళ్లు విశాలంగా ఉండి పిట్టలు దూరంగా ఉండేచోట, చేతులు స్థిరంగా ఉన్నవాళ్లకి అది మంచిదే. ఒక్కటే కొనగలిగేవాళ్లకి, మొదటిసారి కొనేవాళ్లకి, కొండపల్లి అడవిలాంటి గుబురుల్లో తిరిగేవాళ్లకి మాత్రం 8 చాలు. పన్నెండు దాటితే ట్రైపాడ్ మీద పెట్టుకునే వస్తువు అనుకోండి.

"ముందు అద్దాలు ఎర్రగా ఉంటే మంచి కోటింగ్."

అద్దం ఎర్రగా మెరుస్తోందంటే ఎర్ర రంగుని వెనక్కి తిప్పి కొడుతోందని అర్థం. వెనక్కి పోయిన ఎరుపు మన కంటికి చేరదు. అందుకే ఆ అద్దాల్లోంచి చూస్తే లోకం ఆకుపచ్చ, నీలం పులుముకున్నట్టు ఉంటుంది. ఎర్రకాళ్ల కొంగకి అందమంతా రెక్కల మీది గులాబి ఈకల్లోనూ, ముఖం మీది నారింజ రంగులోనూ ఉంది. మా పిల్ల బైనాక్యులర్‌లో కొంగ బూడిద రంగుకి దిగిపోయింది ఇందుకే.

మామూలు గాజు మీద వెలుతురు పడితే ఒక్కో పక్కన దాదాపు నాలుగు శాతం వెనక్కి పోతుంది. బైనాక్యులర్‌లో ఇలాంటి పక్కలు పది, ఇంకా ఎక్కువే ఉంటాయి. కోటింగ్ లేకుండా పది దాటేసరికి మూడో వంతు వెలుతురు మాయం. దీన్ని ఆపే పూతని 1935లో జర్మనీ జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టారు. ఇప్పటి మంచి వాటిలో అన్ని పక్కలకీ పలు పొరల పూత ఉంటుంది, పెట్టె మీద 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అని రాస్తారు. అలాంటి అద్దాన్ని ట్యూబ్‌లైట్ కింద వంచి చూస్తే ప్రతిబింబం వెలుగు తక్కువగా, ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటుంది. వెలుతురు మనవైపు తక్కువగా తిరిగొస్తుంటే అది మంచి అద్దం.

"వేటగాళ్లు వాడేదే అసలు సరుకు."

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పిల్లలకి బైనాక్యులర్ కొనిచ్చే మెసేజ్‌లో వేటగాణ్ణి గురువుగా పెట్టడమే నాకు నచ్చలేదు. అదలా ఉంచినా, అక్కడివాళ్లకి ఆ సరుకు ఎందుకు పనికొస్తుందో ఈ మెసేజ్ రాసినవారు చూడలేదు. అమెరికా పడమటి కొండల్లో వేటగాడు ఒక గట్టు మీద కూర్చుని ఎదుటి లోయలో జింక ఎక్కడుందా అని గంటల తరబడి చూస్తాడు. జంతువు పెద్దది, చోటు విశాలం, కూర్చునే ఓపిక ఉంది. అందుకని 10×42 వాడతారు, 15×56ని ట్రైపాడ్ మీద పెడతారు. అదే దేశంలో దట్టమైన అడవిలో వేటాడేవాళ్లు 8 పవర్ వైపే మొగ్గుతారు. అంటే వేటగాళ్లు కూడా చోటుని బట్టే ఎంచుకుంటున్నారు. మనం చూసేది తుమ్మకొమ్మల మధ్య గెంతే పిడికెడు పిట్టని. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది: తెల్లవారుజాము వెలుతురులో ఎలా కనబడుతుందో చూసి కొంటారు, మధ్యాహ్నం షాపు లైట్ల కింద చూసి కాదు.

"జూమ్ ఉంటే మేలు, రాత్రిళ్లు కూడా కనబడుతుంది."

చవకరకం జూమ్‌లో లోపల కదిలే భాగాలు ఎక్కువ, రెండు గొట్టాలూ కలిసి కదలాలి, కొన్నాళ్లకి లెక్క తప్పుతాయి. తక్కువ పవర్‌లో పెట్టినా కనబడే జాగా ఇరుకుగానే ఉంటుంది. ఇక మామూలు అద్దాల బైనాక్యులర్ చీకట్లో చూపించదు. 'డే అండ్ నైట్' అని పెట్టె మీద ఉంటే ఆ పెట్టె అక్కడే వదిలేయండి.

"తిన్నటి గొట్టాలవే కొనాలి."

దీంట్లో సగం నిజం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బైనాక్యులర్ లోపల వెలుతురుని మళ్లించే గాజు దిమ్మని ప్రిజం అంటారు. భుజాలున్నట్టు వెడల్పుగా ఉండేది పోరో ప్రిజం. తిన్నటి గొట్టాలది రూఫ్ ప్రిజం. రూఫ్ రకం సన్నగా, తేలిగ్గా, చేతికి ఇమిడి ఉంటుంది, నీళ్లు చొరకుండా చేయడం తేలిక. కానీ లోపల వెలుతురు రెండుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు బొమ్మ పదును తగ్గుతుంది. దాన్ని సరిచేసే పూతని జైస్ 1988లో తెచ్చింది, ఫేజ్ కోటింగ్ అంటారు. పైగా ఎక్కువ రూఫ్ మోడళ్లలో ప్రిజంలో ఒక పక్కకి అద్దంలాంటి మెరుగు పూయాలి. ఈ రెండు పనులకీ డబ్బు అవుతుంది. మూడు నాలుగు వేల రూఫ్ బైనాక్యులర్‌లో ఇవి సరిగ్గా చేసి ఉంటారని ఆశ పెట్టుకోకండి. పోరోకి ఈ రెండు బాధలూ లేవు. అందుకే తక్కువ బడ్జెట్‌లో అదే డబ్బుకి పోరోలో బొమ్మ ఎక్కువ పదునుగా, లోతుగా కనబడుతుంది.

నైకాన్ ఆక్యులాన్ 8×42, ఒలింపస్ 8×40 డీపీఎస్ ఈ పోరో రకానివే. వాటి బొమ్మ నాకు ఇష్టం. కానీ అవి బరువు, వాటర్‌ప్రూఫ్ కాదు, నాలుగైదు మీటర్ల లోపు ఉన్నది ఫోకస్ కాదు. మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి వెళ్లేవాళ్లకి రెండు మూడు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అయ్యేది కావాలి. పైగా కళ్లద్దాలున్నవాళ్లకి ఈ రెండిటితో ఇబ్బంది. కంటి అద్దానికి ఎంత దూరం దాకా కన్ను జరిపినా మొత్తం వలయం కనబడుతుందో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి అది కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ రెండిటికీ 12 మాత్రమే. మా పిల్లకి కళ్లద్దాలు కాబట్టి చివరికి నైకాన్ ప్రోస్టాఫ్ పీ3 8×42 తీసుకున్నాం. రూఫ్ రకం, ఐ రిలీఫ్ 20 దాకా ఉంటుంది, నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్. అంత డబ్బు లేకపోతే, కళ్లద్దాలు లేకపోతే, మొహమాటపడకుండా పోరో కొనుక్కోండి. అది పాతకాలపుదని ఎవరన్నా అంటే, ముందు ఒకసారి కళ్లకి పెట్టుకుని చూడమనండి.

"వాటర్‌ప్రూఫ్ మనకి అక్కర్లేదు."

కృష్ణా తీరంలో ఉంటూ ఈ మాట ఎలా రాశారో! ఏసీ కారులోంచి దిగగానే మన ఉక్కపోతకి అద్దాల మీద ఆవిరి పట్టడం అందరూ చూసే ఉంటారు. బయట పట్టింది తుడిస్తే పోతుంది. లోపల పడితే మనం చేయగలిగేదేమీ లేదు. నైట్రోజన్ నింపి మూసినదైతే లోపల తేమ ఉండదు, ఆవిరి పట్టదు. మూయని రకంలో ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అద్దాల మధ్య బూజు సాలెగూడు లాగా పాకుతుంది. నా మొదటి బైనాక్యులర్ అలాగే పోయింది. బీరువాలో తోలు సంచిలో భద్రంగా దాచాననుకున్నాను, ఆ తోలు సంచే తేమని పట్టి ఉంచింది. పోరో కొన్నవాళ్లు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, వారానికోసారి తీసి వాడండి.

షాపులో చేతికిచ్చినప్పుడు మాత్రం ఈ పరీక్షలు చేయకుండా డబ్బు కట్టకండి. చెయ్యి చాచి బైనాక్యులర్‌ని ఆకాశం వైపు పట్టుకుని కంటి అద్దాల్లో వెలుతురు వలయం చూడండి. గుండ్రంగా ఉండాలి, అంచులు పలకలుగా కోసినట్టుంటే లోపలి ప్రిజం నాసిరకం. తర్వాత బయటికొచ్చి దూరంగా ఉన్న డాబా పిట్టగోడ అంచుని చూడండి. చూస్తూ చూస్తూ బైనాక్యులర్‌ని కళ్ల నుంచి కాస్త వెనక్కి తీయండి. ఆ గీత రెండు వలయాల్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటే రెండు గొట్టాలూ కలవలేదన్నమాట, అరగంటలో తలనొప్పి ఖాయం. తెల్లటి ఆకాశం మీద కరెంటు తీగ అంచున ఊదారంగు గీత లావుగా కనబడితే వద్దనండి.

కుడి కంటి దగ్గర తిరిగే చిన్న రింగు ఒకటుంటుంది, డయాప్టర్ అంటారు. ఎడమ కన్నుతో మాత్రమే చూస్తూ మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేయండి, తర్వాత కుడి కన్నుతో మాత్రమే చూస్తూ ఈ రింగుతో సరిచేయండి. ఒక్కసారి మీ కళ్లకి కుదిరితే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు. దీన్ని ముట్టుకోకుండానే ఏళ్ల తరబడి మసకగా చూసేవాళ్లని చాలామందిని చూశాను.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ ఉప్పలపాడు వెళ్లాం. చెరువు అంచున బురదలో గోధుమరంగు చిన్న పిట్ట ఒకటి ముక్కుతో పొడుచుకుంటూ తిరుగుతోంది. పిల్ల చాలాసేపు అలాగే చూసి, "కంటి మీద తెల్లగీత కన్ను దాటి వెనక్కి వెళ్లింది మామయ్యా, ఇది వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ కాదు" అంది. గ్రీన్ శాండ్‌పైపర్‌కి ఆ గీత కంటి దగ్గరే ఆగిపోతుంది. నేను నా బైనాక్యులర్ ఎత్తి చూశాను. ఉంది, కన్ను దాటి వెనక్కి.