సవరణ: ‘లార్డ్ జిమ్’లోని ఓడ, కాన్రాడ్ పనిచేసిన ఓడ

జోసెఫ్ కాన్రాడ్ సముద్ర నవలలపై ఇదివరకటి వ్యాసంలో, ‘లార్డ్ జిమ్’ (1900)లో అధికారులు యాత్రికులను నడిసముద్రంలో వదిలి పారిపోయే ఘట్టం రచయిత స్వానుభవమని ఉంది. ఆ వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవలసిందిగా పాఠకులకు మనవి.

ఆ ఘట్టానికి ఆధారం 1880 ఆగస్టు నాటి ‘జెడ్డా’ ఓడ ఉదంతం. 900కు పైగా హజ్ యాత్రికులతో సింగపూర్, పెనాంగ్‌ల మీదుగా బయలుదేరిన ఆ ఓడలోకి నీరు చేరడంతో, కెప్టెనూ కొందరు అధికారులూ పడవలో తప్పించుకొని, ఓడ మునిగిపోయిందని ఏడెన్ (నేటి యెమెన్‌లోని రేవు)లో చెప్పారు. ఆ వెంటనే మరొక ఓడ దానిని యాత్రికులతో సహా అదే రేవుకు లాగుకొని వచ్చింది. కాన్రాడ్ అందులో లేడు. తాను చూడని ఓడలోని భీతిని అంత లోతుగా రాయగలగడమే ఆయన గొప్పతనమని నా అభిప్రాయం. దానిని స్వానుభవమనడం ఆ ప్రతిభను తగ్గించడమే.

ఆయన నిజంగా అనుభవించిన ప్రమాదం ‘యూత్’ (1898) కథలో ఉంది. ఆయన సెకండ్ మేట్‌గా (ఓడ అధికారులలో ఒకరిగా) ఉన్న ‘పాలస్తీన్’ ఓడలోని బొగ్గు 1883 మార్చిలో సుమత్రా సమీపంలో అంటుకుంది. అయితే కథలోని సుదీర్ఘమైన పడవ ప్రయాణం కల్పన. వాస్తవంలో ఓడ వదిలి పడవలెక్కిన సిబ్బంది కొన్ని గంటలలోనే తీరం చేరారు.