దుప్పటి కప్పితే చచ్చే మొక్క

ఎర్రటి పూలు పూసే కార్డినల్ పువ్వు మొక్కకి శత్రువులు ఇద్దరు. ఒకటి నత్త, రెండోది ప్రేమ. నత్త రాత్రిపూటే వస్తుంది. ప్రేమకి వేళాపాళా లేదు, ఒక చేత్తో ఎరువు, ఇంకో చేత్తో ఎండుటాకుల బుట్ట పట్టుకుని ఎప్పుడు పడితే అప్పుడు దిగిపోతుంది.

గొడవ విత్తనాల దగ్గరే మొదలవుతుంది. పొట్లం విప్పితే అందులో ధూళి తప్ప ఏమీ కనబడదు. ఆ ధూళే విత్తనం. సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చిందా, తోట మొత్తం పక్కింటివాళ్ళకి రాసిచ్చినట్టే. చెంచాడు పొడి ఇసుకలో కలిపి చల్లితే కాస్త చేతికి లొంగుతాయి. చల్లగానే అలవాటున్న చెయ్యి ఊరుకోదు, పైన గుప్పెడు మట్టి కప్పేస్తుంది. ఈ విత్తనం వెలుతురు తగిలితే తప్ప మొలవదు. కప్పడమంటే సమాధి కట్టడమే. ట్రేలో తడిపిన మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి వదిలేయాలి. నీళ్ళు పైనుంచి పోస్తే విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఒక మూల సభ పెట్టుకుంటాయి. ట్రేని 2 సెంటీమీటర్ల నీళ్ళున్న పళ్ళెంలో ఉంచితే అడుగునుంచి మట్టే పీల్చుకుంటుంది.

20 డిగ్రీల వేడిమి దగ్గర మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మనిషి మాత్రం నాలుగో రోజునుంచే భూతద్దంతో హాజరు. పదో రోజు పచ్చగా ఏదో కనబడుతుంది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాడు, ఫోటో తీస్తాడు. అది పాచి. అవమానం దిగమింగుకుంటాడు. పద్దెనిమిదో రోజు నిజంగానే మొలుస్తాయి. ఈసారి మోసపోకూడదని, పాచే అనుకుని గోటితో గీకేస్తాడు. గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. పాచి పొరలా పరుచుకుంటుంది. మొలక గుండుసూది తలంతే ఉన్నా దానికి విడివిడిగా రెండాకులు ఉంటాయి.

గీకుడునుంచి బతికి బయటపడ్డ మొక్క చాలాసార్లు మొదటి ఏడాది పూయదు. నేలకంటుకుని గుండ్రంగా నాలుగాకులు వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా కలుపు తీద్దామని వంగితే మొదట చేతికొచ్చేది అదే. పక్కన ఒక పుల్ల పాతి పేరు రాసిపెట్టుకోండి.

ఇక నీళ్ళు. "నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళుతుంది" అన్న సూత్రం కంఠస్థం వచ్చినవాళ్ళ చేతిలోనే ఇది ఎక్కువగా ఎండిపోతుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని వాగుల గట్లు, బురద పల్లాలు. మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండితే ఆకుల అంచులు మాడి, మొగ్గలు మొహం మాడ్చుకుంటాయి. చేపల తొట్టెలు పెట్టేవాళ్ళయితే దీన్ని ఏకంగా నీళ్ళలో ముంచి, చేపల పక్కనే పెంచుతారు. కాబట్టి కుండీ కింద సాసర్‌లో 2, 3 సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే కంగారు పడనక్కర్లేదు, వాసన రాకుండా మారుస్తూ ఉంటే చాలు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలితే చెంబు తీసుకుని పరుగెత్తకండి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. లోపల చెమ్మ ఉంటే అది ఎండకి ఆడే నాటకం, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది. రోజూ అదే తంతయితే మధ్యాహ్నం నీడ పడే చోటికి మార్చాలి.

ఎరువు దండిగా వేస్తే కాడ నాలుగడుగుల దాకా లేస్తుంది, లేచి పడిపోతుంది. మరీ నీడలో ఉన్నా ఇంతే. వసంతంలో పలచగా కంపోస్టు వేస్తే దానికి భోజనం అయిపోయినట్టే. పడిపోయినదాన్ని పుల్లకి బిగించి కడితే అరెస్టు చేసినట్టుంటుంది, వదులుగా కట్టండి. (ఆ పూల ఎరుపు చూసి సలాడ్ మీద చల్లుదామన్న ఆలోచన మాత్రం వద్దు. మొక్క మొత్తం విషమే.)

అసలు ప్రమాదం పూలయ్యాక. పూసిన కాడ మొదలుదాకా ఎండిపోతుంది. చూసినవాళ్ళు "అయ్యో, పోయింది" అని వేళ్ళతో సహా పీకేస్తారు. పోయింది కాడ మాత్రమే. దాని మొదలు దగ్గర అరచేతిలో సగమంత పిలకలు ఆకులు విప్పుకుని ఉంటాయి, వచ్చే ఏడాది పూలు వాటివే. ఈ సంగతి తెలిసినవాళ్ళు పీకరు. వాళ్ళ పద్ధతి వేరు, చలికి పిలకలు వణుకుతాయని జాలిపడి కుదురు మీద బుట్టెడు ఎండుటాకులు కప్పుతారు. ఆ పిలకలు చలికాలంలోనూ పచ్చగానే ఉంటాయి, వాటికి వెలుతురు కావాలి, గాలి ఆడాలి. తడిసిన ఆకుల కింద ఆ రెండూ అందవు, బూజు పడుతుంది. చేపల పక్కన మునిగి బతికేది, దుప్పటి కింద కుళ్ళిపోతుంది! మల్చింగ్ (మట్టి మీద పరిచే ఆకులు, గడ్డి) చుట్టూ వేసుకోండి, కుదురు మీద వద్దు, నాలుగు వేళ్ళ దూరం వదలండి. గాలికి వచ్చి పడ్డ ఆకుల్ని వారానికోసారి చేత్తో ఏరేయండి. మూడేళ్ళకోసారి పిలకల్ని వేళ్ళతో సహా విడదీసి వేరే చోట నాటకపోతే, ఒకదాన్నొకటి తోసుకుని గుంపు మొత్తం నీరసిస్తుంది.

నత్తలకి వేరే మందు అక్కర్లేదు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్తే ఆకు కింద దొరికిపోతాయి.

ఇన్నీ చేశాక ఒక రోజు పిల్లల బంతి తగిలి పచ్చి కాడ విరుగుతుంది. విసుగొచ్చి దాన్ని కుళాయి దగ్గర, ఎప్పుడూ తడిగా ఉండే బురదలోకి విసిరేస్తారు. కొన్ని వారాలకి చూస్తే కణుపు కణుపుకీ వేళ్ళు దిగి, చిన్న మొక్కలు వరసగా లేచి ఉంటాయి. ఇది నేల అంటు కట్టే పద్ధతే. కాడని విరవకుండా వంచి, తడి మట్టికి ఆనేట్టు రాయి పెడితే బంతి అవసరం కూడా లేదు. ట్రేలో భూతద్దం కింద పెంచినవి మాత్రం ఇంకా రెండాకుల దగ్గరే ఉంటాయి.