అర్థం అడగకండి, ముందు పొడిపించుకోనివ్వండి

ఒంటి మీద జపనీస్ అక్షరాలు టాటూగా పొడిపించుకున్నవాళ్ళని పట్టుకుని "దీనర్థం తెలుసా?" అని నిలదీయడం ఈమధ్య మరీ ఎక్కువైంది, నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. అర్థమే కావాలనుకున్నవాడు నిఘంటువు కొనుక్కుంటాడు గానీ సూదుల కింద ఒళ్ళెందుకు పెడతాడండీ?

పాపం అమెరికన్ పాప్ గాయని అరియానా గ్రాండేనే తీసుకోండి. 2019లో తన 'సెవెన్ రింగ్స్' పాట పేరు ఎడమ అరచేతిలో జపనీస్‌లో రాయించుకుంది. 'ఏడు ఉంగరాలు' అనడానికి అయిదక్షరాలు కావాలి, కానీ అరచెయ్యి కదా, నొప్పికి తట్టుకోలేక మధ్యలో మూడు వదిలేసింది. మిగిలిన రెండూ కలిపితే 'షిచిరిన్', అంటే చేపలూ మాంసమూ కాల్చుకునే బొగ్గుల కుంపటి! ఏడు రిన్‌ల బొగ్గుతో వంటైపోయేదని ఆ పేరొచ్చిందంటారు (రిన్ అంటే యెన్‌లో వెయ్యో వంతు, ఆ రోజులే వేరు). లోకమంతా నవ్వింది. జపనీస్ టీచర్ని అడిగి 'చేతివేలు' అనే అక్షరం, పక్కన ఓ గుండె బొమ్మ చేర్పిస్తే, అదీ పడాల్సిన చోట పడక 'కుంపటి చేతివేలు' అయింది. అయితే ఏంటట? ఉంగరాలు ఎప్పటికైనా తాకట్టుకే పోతాయి, కుంపటి ఉంటే కనీసం కూరైనా ఉడుకుతుంది.

ఇంకా తెలివైనవాళ్ళు చార్ట్ చూసి వేయించుకుంటారు. ఎ నుంచి జెడ్ దాకా ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో కంజీ (జపనీస్‌లో వాడే చైనా లిపి అక్షరం) ముక్క ఉంటుందందులో. జపనీస్‌లో అసలు అలాంటి పద్ధతే లేదు, విదేశీ పేర్లని పలికినట్టుగా కటకానా అనే ఇంకో లిపిలో రాసేస్తారు. కాబట్టి ఆ చార్ట్ ప్రకారం సురేశ్ అని రాయించుకుంటే టోక్యోలో ఒక్కడూ చదవలేడు, హైదరాబాద్‌లో అసలే చదవలేరు. ఇంతకంటే భద్రమైన పాస్‌వర్డ్ ఏ బ్యాంకు ఇస్తుంది?

ఇక చదవగలిగిన జపాన్‌వాళ్ళ మర్యాద చూడండి. 1872లో టాటూలు నిషేధించారు, 1948లో ఎత్తేశారు, కానీ ఒళ్ళంతా టాటూలేయించుకునే యాకూజా నేర ముఠాల పుణ్యమా అని భయం మాత్రం పోలేదు. టాటూ వేయడానికి డాక్టర్ లైసెన్స్ అక్కర్లేదని వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది 2020లోనే. అంతకు అయిదేళ్ళ ముందు ప్రభుత్వం హోటళ్ళనీ సత్రాలనీ అడిగితే, బదులిచ్చినవాటిలో నూటికి 56 చోట్ల టాటూ ఉన్నవాళ్ళని వేడినీళ్ళ స్నానాల దగ్గరికి రానివ్వం అన్నారు. ఇంకొన్ని చోట్ల స్టిక్కరేసి కప్పుకుంటే సరేనన్నారు. అంటే మీ ఒంటి మీది మాట అర్థమయ్యే ఒకే ఒక్క దేశంలో దాన్ని దాచుకోవాలి, ఒక్క ముక్కా అర్థంకాని మన ఊళ్ళో మాత్రం చొక్కా చేతులు మడిచి మరీ చూపించుకోవచ్చు. ఇప్పుడు చెప్పండి, అర్థం తెలిసి ఎవరు బాగుపడ్డారు?

కాబట్టి కుర్రాళ్ళకి నా సలహా, వీపు మీద వేయించుకోండి, మీకూ కనబడదు, టెన్షన్ ఉండదు. అమ్మ అడిగితే "నీ పేరే రాయించుకున్నానమ్మా" అనండి. నాన్న అడిగేలోపు చొక్కా వేసుకోండి.