తకెదా వారి యుద్ధపీటకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తకెదా వారి యుద్ధపీట గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీ చుట్టూ నిలబడ్డవాళ్ళు ఎలా ఉన్నారని అడగను. ‘కగేముష’ (అంటే నీడ యోధుడు) అనే జపాన్ సినిమా చూశాను.

1980లో అకిరా కురొసావా తీసిన ఆ సినిమాకి కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ ఇచ్చారు. పదహారో శతాబ్దపు జపాన్‌లో తకెదా వంశాన్ని ఏలిన షింగెన్ దొరగానూ, ఆయన నకలుగానూ రెండు వేషాలూ కట్టిన తట్సుయా నకదాయ్‌ని లోకమంతా మెచ్చుకుంది. యుద్ధంలో ఆ దొర కూర్చునే పీట మీరు, మీ పేరు ఎత్తినవాడు లేడు. నిజానికి ఆ వేషాలకి ముందు పెట్టుకున్నది షింతారో కట్సుని. షూటింగ్ మొదట్లోనే ఆయనకీ దర్శకుడికీ చెడింది, నకదాయ్ వచ్చి కూర్చున్నాడు. మనిషి మారితే మీకేమైనా తేడా పడిందా? మీకది అలవాటే.

షింగెన్ పోతూ పోతూ, తన చావుని మూడేళ్ళు దాచమన్నాడు. ముఖం అచ్చు దొరలా ఉందని అంతకుముందే శిలువ తప్పించి తెచ్చుకున్న దొంగనొకణ్ణి సేనానులు మీ మీద కూర్చోబెట్టారు. అసలు శవాన్ని పెద్ద జాడీలో పెట్టి సువా సరస్సులో దింపేశారు. శత్రువు వేగులకి అనుమానం వస్తే, అందులో ఉన్నది సరస్సు దేవుడికి నైవేద్యమిచ్చిన సారా అని చాటించారు. మూలవిరాట్టు నీళ్ళ అడుగున, ఉత్సవ విగ్రహం మీ మీద. పూజలకేం లోటు రాలేదు.

తకెదా జెండా మీద ఏం రాసుందో మీకు నేను చెప్పాలా? గాలిలా వేగం, అడవిలా నిశ్శబ్దం, నిప్పులా దాడి, కొండలా నిలకడ. మొదటి మూడు డ్యూటీలూ సైన్యానివి. నాలుగోది దొరగారిది, అంటే కూర్చోవడం. చావుబతుకుల యుద్ధంలో ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి ఉంటుందా!

ఆ రాత్రి యుద్ధం గుర్తుందా? కొండ మీద మీరు, మీ మీద దొంగ. చీకట్లోంచి తుపాకులు పేలుతున్నాయి. కదలొద్దని అతనికి ఆజ్ఞ. కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి, అతనికి తగలాల్సిన తూటాలకి తమ ఒళ్ళు అడ్డం పెట్టి కూలిపోయారు. కాపాడింది ఎవర్ని? శిలువ ఎక్కాల్సిన ఒక దొంగని. కిందున్న సైన్యం మాత్రం కొండ కదల్లేదని పొంగిపోయి గెలిచింది. అతను భయంతో బిగుసుకుపోయాడని ఎవరికి తెలుసు? దూరానికి భయమూ నిబ్బరమూ ఒక్కలాగే కనిపిస్తాయి. మీ వ్యాపారమంతా ఆ దూరం మీదే నడుస్తోంది.

దగ్గరికొచ్చినవాళ్ళ దగ్గరే మీ ఆట సాగలేదు. మనవడు తకెమారు చూడగానే ‘ఈయన మా తాత కాదు’ అనేశాడు. పసివాడు కదా, పెద్దలు నచ్చజెప్పుకున్నారు. గుర్రానికి ఎవరు నచ్చజెబుతారు? దొర తప్ప ఎవరూ ఎక్కని గుర్రం నకిలీని ఎత్తి కిందపడేసింది. ఒంటి మీద ఉండాల్సిన పాత గాయం మచ్చ లేదని ఉంపుడుగత్తెలు చూసేశారు. అంతే, వానలో బయటికి గెంటారు.

తర్వాత పెత్తనం అసలు కొడుకు కట్సుయోరికి వచ్చింది. కూర్చోవడం చేతకాని మనిషి. 1575లో నగాషినో దగ్గర, కట్టిన కంచెల వెనక తుపాకులతో కాచుకున్న శత్రు దొరలు నొబునాగా, ఇయెయాసుల సైన్యాల మీదికి మొత్తం బలగాన్ని తోలాడు. ఇది ఓటమేనని తెలిసిన ముసలి సేనానులు కూడా గుర్రాలెక్కి వెళ్ళారు. అబద్ధాన్ని అల్లింది వాళ్ళే, అయినా వెళ్ళారు.

వాళ్ళ సంగతి సరే, వంశాభిమానం అనుకుందాం. ఆ దొంగ సంగతేమిటండీ? జీతం లేదు, జాగా లేదు. మీ మీద దొర లేడని రాజ్యంలో అందరికన్నా బాగా తెలిసినవాడు. రెల్లుపొదల్లోంచి ఆ ఊచకోత చూసి, కిందపడ్డ ఈటె అందుకుని, ఒక్కడే తుపాకులకి ఎదురు పరిగెత్తాడు. కూర్చున్న ఆ కొన్నాళ్ళలో అతనికి మీరేం నూరిపోశారు?

జవాబు రాయగలరు. కదలడం తమకి ఆనవాయితీ కాదు కాబట్టి గుర్రంతో కబురంపినా చాలు. దాని మాట మీద నాకు గురి ఉంది.

ఇట్లు,
టికెట్ కొనుక్కుని మూడు గంటలు కదలకుండా కూర్చున్న ప్రేక్షకుడు